రేపటి రాబడిని కుదువపెట్టిన ఐదేళ్లు

(గుంటూరులో వ్యాపారులు, న్యాయవాదులు, విశ్రాంత ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

మిర్చి యార్డు ఉన్న ఊళ్లో మాట్లాడుతున్నాను కాబట్టి యార్డు మాటతోనే మొదలుపెడతాను. కోత అయ్యాక ధర లేకపోతే రైతు ఏం చేస్తాడు? టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. వాళ్లిచ్చిన బాండు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. సరుకు కళ్ల ముందుంది, ధర రాగానే అమ్మి బాకీ తీర్చి మిగిలింది ఇంటికి తెచ్చుకుంటాడు. అదే రైతు ఇంకా నారు కూడా పోయని వచ్చే ఏటి పంటను, ఆ పై ఏటి పంటను ఇవాళే రాసిచ్చేశాడనుకోండి. ఆ డబ్బుతో ఈ ఏడు ఇల్లు గడిపాడనుకోండి. ఆ కాగితం మీద సంతకం పెట్టిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదనుకోండి. ఆ ఇల్లు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

2019 నుంచి 2024 దాకా రాష్ట్రాన్ని ఏలిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం మీద నా అభియోగం ఇదే. అప్పు చేసిందని కాదు. అప్పు చేయని ప్రభుత్వం ఎక్కడా లేదు. శాసనసభకు చూపకుండా చేసింది, ఇంకా రాని రాబడిని రాసిచ్చి చేసింది, చేసిన అప్పులో ఎక్కువ భాగం ఆ నెల గడుపుకోవడానికే వాడింది. ఐదేళ్ల పద్దు ముగిసింది, చాలా వ్యవహారాల్లో కోర్టు తీర్పులు వచ్చేశాయి, కాబట్టి నిదానంగా చూడవచ్చు. ఇప్పుడున్న కూటమి ప్రభుత్వం దగ్గరకు చివర్లో వస్తాను. దాన్నీ వదలను.

నేను చూసేది సంప్రదాయ ఆర్థిక దృష్టితో. ఆస్తి హక్కు నిలవాలి, ఇచ్చిన మాట నిలవాలి, రాబడి చూసుకుని ఖర్చు పెట్టాలి, చట్టసభ ఒప్పుకోకుండా ఖజానాలోంచి పైసా కదలకూడదు. ఈ ఆలోచన ఈ జిల్లాకు కొత్త కాదు. 1959లో స్వతంత్ర పార్టీ పుట్టినప్పుడు దాని మొదటి అధ్యక్షుడు ఆచార్య రంగా గారు, మన నిడుబ్రోలు మనిషి. నాటి పాలక పక్షం మీద ఆ పార్టీ చేసిన వాదన, రైతు భూమి జోలికి, వ్యాపారి లెక్క జోలికి ప్రభుత్వం హద్దు మీరి రావద్దని. ఇవాళ హద్దు మీరింది ప్రభుత్వం తన సొంత ఖజానా విషయంలోనే.

అంకెల గురించి ఒక మాట. మొత్తం అప్పు ఎంత అన్నదాని మీద పార్టీలు కొట్టుకుంటున్నాయి. 2024 జులైలో కొత్త ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టి మొత్తం భారం 9 లక్షల 74 వేల కోట్లంది. దిగిపోయిన పక్షం ఆ లెక్క ఒప్పుకోదు. అందులో కార్పొరేషన్ల అప్పులు, విద్యుత్ సంస్థల బాకీలు, కట్టాల్సిన బిల్లులు అన్నీ కలిపారు కాబట్టి వాదనకు చోటుంది. ఆ పెద్ద అంకె మీద నేను ఏమీ కట్టను. ప్రభుత్వ పద్దులు తనిఖీ చేసే కాగ్ లెక్కల్లో ఉన్న ఒక అంకె నాకు చాలు. 2022-23లో రాష్ట్ర రెవెన్యూ లోటు 43 వేల కోట్లు దాటింది. రెవెన్యూ లోటంటే ఏమిటి? రోడ్డో ప్రాజెక్టో కట్టడానికి తెచ్చిన అప్పు సంగతి కాదు. జీతం, పింఛను, వడ్డీ, పథకం, ఈ రోజువారీ ఖర్చుకే వచ్చిన రాబడి చాలక 43 వేల కోట్లు అప్పు తెచ్చి తిన్నామని. అప్పు చేసి పప్పుకూడు అంటే ఇదే. ఆ అప్పు తీర్చేనాటికి దాని పేర చూపించడానికి ఒక కాలవ గట్టు కూడా ఉండదు.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే ఖజానాకు నెల ఎలా గడుస్తుందో చూడాలి. రాష్ట్ర ప్రభుత్వ ఖాతా రిజర్వు బ్యాంకులో, నాగపూర్‌లో ఉంటుంది. ఒకటో తారీఖున జీతాలు, ఉద్యోగుల పింఛన్లు, సామాజిక పింఛన్లు ఒక్కసారిగా పోవాలి. కేంద్ర పన్నుల్లో వాటా పదో తారీఖు చుట్టుపక్కల వస్తుంది. జీఎస్టీ రిటర్ను గడువు 20 కాబట్టి ఆ సొమ్ము ఆ తర్వాతే ఊపందుకుంటుంది. రిజిస్ట్రేషన్లు, మద్యం రోజూ ఎంతో కొంత తెస్తుంటాయి. అంటే డబ్బు పోయేది మొదటి వారంలో, వచ్చేది రెండో మూడో వారంలో. ఈ ఎడం పూడ్చుకోవడానికి రిజర్వు బ్యాంకు మూడు మెట్లు పెట్టింది. ముందు ప్రభుత్వం దాచుకున్న సెక్యూరిటీల మీద ప్రత్యేక సౌకర్యం, అది అయిపోతే చేబదుళ్లు, అదీ అయిపోతే ఓవర్‌డ్రాఫ్ట్. చేబదుళ్లకు రెపో రేటు వడ్డీ, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు. ఓవర్‌డ్రాఫ్ట్‌కు దాని మీద మరో రెండు శాతం, ఓవర్‌డ్రాఫ్ట్ చేబదుళ్ల పరిమితిని కూడా మించితే ఆ మించిన దానికి అయిదు శాతం. మామూలు రోజుల్లో ఓవర్‌డ్రాఫ్ట్‌లో వరసగా 14 పనిదినాలకు మించి ఉండకూడదు, మూడు నెలల్లో మొత్తం 36 దాటకూడదు. ఈ గీత పదే పదే దాటే రాష్ట్రానికి చెల్లింపులు ఆపేసే అధికారం రిజర్వు బ్యాంకుకు ఉంది.

చేబదులు పేరులోనే ఉంది, పది రోజులకు తీసుకుని తిరిగిచ్చేదని. మధ్యతరగతి ఇంట్లో ఇరవయ్యో తారీఖున పక్కింటివాళ్లను అడిగి ఒకటో తారీఖున ఇచ్చేసేలాంటిది. ఏడాది పొడుగునా చేబదులు మీదే బతుకుతున్న ఇంట్లో లోటు ఆ పది రోజులది కాదు, సంపాదనకూ ఖర్చుకూ పొంతన లేదు. ఆ ఐదేళ్లలో జరిగింది అది. మంగళవారం వచ్చిందంటే రిజర్వు బ్యాంకులో రాష్ట్ర సెక్యూరిటీల, అంటే అప్పు పత్రాల వేలం, ఆ డబ్బుతో ముందు ఓవర్‌డ్రాఫ్ట్ పూడ్చడం, మిగిలినదాంతో ఆగిపోయిన జీతాలు వేయడం. జిల్లా ఖజానా ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. మంగళవారం వేలం చూసుకుని గానీ జీతం ఎప్పుడు పడుతుందో చెప్పలేని రోజులు వాళ్లకు బాగా గుర్తుంటాయి.

ఇక అప్పు తెచ్చే రాజమార్గం ఏమిటి? రాజ్యాంగం 293వ అధికరణం మూడో క్లాజు ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కేంద్రం ఒప్పుకుంటేనే కొత్త అప్పు చేయాలి. ఎంత వరకో ఆర్థిక సంఘం చెబుతుంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-22కు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 4 శాతం, 2022-23కు మూడున్నర, ఆ తర్వాత 3 శాతం అంది. విద్యుత్ సంస్కరణలు చేస్తే మరో అర శాతం. ఇది ముందు గుమ్మం. ఇందులోంచి తెచ్చిన ప్రతి రూపాయీ బడ్జెట్‌లో కనిపిస్తుంది, సభలో చర్చకు వస్తుంది.

వెనక గుమ్మం ఎలా తెరిచారో ఇప్పుడు చూడండి. దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఆ ప్రభుత్వ వైఫల్యం మొత్తం ఈ ఒక్క వ్యవహారంలో దొరుకుతుంది.

2020లో ఒక చట్టం చేసి రాష్ట్రాభివృద్ధి కార్పొరేషన్ పెట్టారు. దానికి ఫ్యాక్టరీ లేదు, గిడ్డంగి లేదు, అమ్మే సరుకు లేదు. మద్యం మీద వేసే అదనపు ఎక్సైజు రాబడిని దానికి మళ్లించారు. ఆ సొమ్ము నేరుగా బ్యాంకు అదుపులో ఉండే ఎస్‌క్రో ఖాతాలో పడి ముందు బ్యాంకుల వాయిదా తీరుతుంది. ఆ హామీ చూసి బ్యాంకులు వేల కోట్లు ఇచ్చాయి. మొత్తం 25 వేల కోట్లకు వేసిన పథకం అది. తెచ్చిన డబ్బు సంక్షేమ పథకాలకు పోయింది. అప్పు పుస్తకంలో ఎవరి పేరుంది? కార్పొరేషన్ పేరు. తీర్చేది ఎవరు? మన పన్నులు. రాజ్యాంగం 266వ అధికరణం ఏమంటుంది? ప్రభుత్వానికి వచ్చే ప్రతి రాబడీ సంచిత నిధిలో పడాలి, చట్టసభ ఒప్పుకుంటేనే బయటికి రావాలి అంటుంది. రేపు వచ్చే పన్నును ఇవాళే బ్యాంకుకు రాసిస్తే, రేపటి సభకు ఆ డబ్బు మీద ఏం అధికారం మిగులుతుంది? కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఇదే అడిగింది. బ్యాంకులు వెనక్కి తగ్గాయి.

అప్పుడైనా ఆగారా? లేదు. 2021 చివర్లో చట్టం సవరించి, మద్యం మీద ఖజానాకు పన్నుగా రావాల్సిన సొమ్ములో కొంత భాగాన్ని మద్యం అమ్మే ప్రభుత్వ సంస్థ బెవరేజెస్ కార్పొరేషన్ ‘స్పెషల్ మార్జిన్’గా వసూలు చేసుకునేట్టు మార్చారు. సీసా అదే, తాగేవాడు అదే, ధర అదే. నిన్నటి దాకా పన్ను, ఇవాళ్టి నుంచి కార్పొరేషన్ లాభం. ఆ లాభం చూపించి 2022లో 8,300 కోట్లకు పైగా బాండ్లు అమ్మారు. వడ్డీ తొమ్మిదిన్నర శాతం పైన. అదే రోజుల్లో రాష్ట్రం తన పేరు మీద, మంగళవారం వేలంలో, ఎనిమిది శాతం చుట్టుపక్కల తెచ్చుకుంటోంది. 8,300 కోట్ల మీద ఒక్క శాతం తేడా అంటే ఏటా 83 కోట్లు. ముందు గుమ్మం తప్పించుకున్నందుకు మనం కట్టే రుసుము అది.

మన యార్డులో ‘జీరో’ అనే మాట ఉంది. బిల్లు లేకుండా, సెస్సు కట్టకుండా, చిట్టాకెక్కకుండా సాగే వ్యాపారం. చిన్న కమీషన్ ఏజెంటు జీరో చేస్తే అధికారులు వచ్చి తాళం వేస్తారు. ప్రభుత్వం బడ్జెట్‌కు ఎక్కించకుండా చేసే అప్పు కూడా జీరోనే.

ఇందులో ఇంకో సంగతి ఉంది, నా మనసును అన్నిటికన్నా ఎక్కువ నొప్పించింది అదే. 2019 ఎన్నికల్లో ఆ పార్టీ దశలవారీ మద్యనిషేధం అంది. 2024 నాటికి మద్యం స్టార్ హోటళ్లకే పరిమితం అంది. ఆడవాళ్లు ఆ మాట నమ్మి ఓటేశారు. 2019 అక్టోబరు ఒకటి నుంచి దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, నిషేధానికి మొదటి మెట్టు అని చెప్పింది. ఆ తర్వాత, వచ్చే ఏళ్ల మద్యం రాబడి చూపించి బాండ్లు అమ్మింది. బాండు కొన్నవాడికి వాయిదా కట్టాలంటే సీసా అమ్ముడుపోవాలి. అమ్మకం తగ్గితే వాయిదా తప్పుతుంది. ఆ కాగితం మీద సంతకం పడ్డ రోజే నిషేధం చచ్చిపోయింది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. సాధ్యం కాదనుకుంటే సభలో నిలబడి సాధ్యం కాదని చెప్పాలి. ఆ చెల్లెళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆర్థిక తప్పు ఎక్కడ ఆగి రాజకీయ తప్పు ఎక్కడ మొదలయిందో విడదీయలేం, రెండూ ఆ ఒక్క కాగితంలోనే ఉన్నాయి.

కార్పొరేషన్ల అప్పులకు ప్రభుత్వం గ్యారంటీ సంతకం పెడుతుంది. పక్కింటివాడికి జామీను ఉండటం లాంటిది. ఈ జామీనులు రెవెన్యూ రాబడిలో 90 శాతం దాటకూడదని అప్పులకు, లోటుకు కళ్లెం వేసే రాష్ట్ర ఎఫ్‌ఆర్‌బీఎం చట్టంలో హద్దు ఉండేది. ఆ హద్దు అడ్డమొచ్చింది. 180 శాతానికి పెంచుకున్నారు. నది గట్టు దాటుతోందని ప్రమాద సూచిక రాయిని పైకి జరిపితే వరద తగ్గదు. 2022 మార్చిలో కేంద్రం, బడ్జెట్‌లోంచి తీర్చే కార్పొరేషన్ అప్పుల్ని కూడా రాష్ట్ర అప్పుగానే లెక్కేస్తామని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. కేరళ దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఏప్రిల్‌లో తాత్కాలిక ఊరట దొరకలేదు, వ్యవహారం రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. రాష్ట్రాల హక్కుల మీద నాకు గౌరవం ఉంది. కానీ దాచి అప్పు చేయడం హక్కు కాదు.

రెండో కిటుకు పీడీ ఖాతాలు. పర్సనల్ డిపాజిట్ ఖాతా అంటే ఒక అధికారి పేరు మీద ఖజానాలోనే ఉండే ఖాతా. పద్దుల్లో దాని నంబరు 8443-106. బడ్జెట్‌లో ఒక పనికి వంద కోట్లు పెట్టారు. మార్చిలో ఆ వంద కోట్లు డ్రా చేసి ఆ శాఖ అధికారి పీడీ ఖాతాలో వేస్తారు. బడ్జెట్ పుస్తకంలో ‘ఖర్చయింది’ అని పడుతుంది. నిజానికి రూపాయి ఖజానా దాటలేదు. కూలివాడికి అందలేదు, ఇటుక కొనలేదు. ప్రభుత్వం మాత్రం ఆ సొమ్ము వేరే అవసరానికి తిప్పుకుంటుంది. చూసేవాళ్లకు పథకం అమలైనట్టే ఉంటుంది.

దీనికి సుప్రీంకోర్టు దాకా పోయిన ఉదాహరణ ఉంది. విపత్తు సహాయ నిధి ఉంది కదా, తుపాను వస్తే, కరువు వస్తే వాడేది. మన రాష్ట్రానికి అందులో కేంద్రం 75, రాష్ట్రం 25 వంతున వేస్తాయి. కోవిడ్‌తో చనిపోయినవారి కుటుంబానికి 50 వేలు ఇవ్వాల్సింది కూడా ఆ నిధిలోంచే. అందులోంచి 1,100 కోట్లు తీసి వ్యవసాయ శాఖ కమిషనర్ పీడీ ఖాతాకు మార్చారు. కరువు పెట్టుబడి రాయితీకి అని వాదించారు. 2022 జులైలో సుప్రీంకోర్టు ఆ వాదన వినలేదు. రెండు వారాల్లో 1,100 కోట్లూ తిరిగి విపత్తు నిధిలో వేయమంది. కృష్ణ కరకట్ట కింద, బాపట్ల తీరంలో బతికే మనకు విపత్తు నిధి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంట్లో పిల్లల పెళ్లికని దాచిన డబ్బు మీద కూడా మనం చెయ్యి వేయం.

బిల్లుల సంగతికి వస్తాను, ఇక్కడ కాంట్రాక్టు పనులు చేసేవాళ్లు ఉన్నారు. పని అయ్యాక కింది ఇంజినీరు ఏఈ ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో కొలతలు ఎక్కిస్తాడు, పై ఇంజినీరు డీఈఈ చెక్ చేస్తాడు, ఆ పైన ఈఈ పాస్ చేస్తాడు, బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో ఎక్కుతుంది, నంబరు వస్తుంది. అక్కడిదాకా నియమం. ఆ తర్వాత ఆర్థిక శాఖ డబ్బు వదిలితేనే ఖాతాలో పడుతుంది. ముందు వచ్చిన బిల్లు ముందు పోవాలి. ఆ వరస పాటించకపోతే నంబరు ఉన్నా లేనట్టే. మార్చి 31 దాటితే కట్టని బిల్లు మురిగిపోతుంది, కొత్త ఏడాదిలో మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. ఎం-బుక్ మళ్లీ తెరవాలి, అధికారి బదిలీ అయితే కొత్తాయన సంతకానికి తిరగాలి. కాంట్రాక్టరు ఈ లోపు సిమెంటుకు, తారుకు బయట వడ్డీకి తెచ్చిన డబ్బు నెలకు నూటికి రెండు రూపాయల లెక్కన పెరుగుతూ పోతుంది. ఏడాది ఆలస్యమైతే నూటికి 24. అతని లాభం అంత ఉండదు. అందుకే రెండో టెండరుకు అతను రాడు. వచ్చినవాడు ఆలస్యాన్ని కూడా రేటులో కలిపి వేస్తాడు. రోడ్లు గుంతలు పడి నెలల తరబడి అలాగే ఉండటానికి, టెండరు పిలిచినా ఎవరూ రాకపోవడానికి కారణం ఇదే. కట్టని బిల్లు వడ్డీ లేని అప్పు అనుకుంటుంది ప్రభుత్వం. ఆ వడ్డీ తర్వాతి టెండరులో కట్టేది మనమే. ఆసుపత్రులకు ఆరోగ్యశ్రీ బకాయిలు, కాలేజీలకు ఫీజు బకాయిలు ఇదే కథ.

ఇచ్చిన మాట, రాసిన ఒప్పందం. నా దృష్టిలో ప్రభుత్వానికి ఉండే అసలు పెట్టుబడి ఇదే. 2019లో పాత ప్రభుత్వం చేసుకున్న పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు ఎక్కువని తిరగదోడారు. ధరలు ఎక్కువా కాదా అన్నది విద్యుత్ నియంత్రణ మండలిలో తేల్చుకోవాల్సిన పని, అవినీతి జరిగితే కేసు పెట్టాలి. అది చేయకుండా తామే ధర తగ్గించి కడతామన్నారు. మధ్యంతరంగా యూనిట్‌కు 2 రూపాయల 43, 44 పైసల లెక్కన కట్టారు. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ధరే కట్టాలి, బకాయిలు కూడా తీర్చాలంది. సాధించింది ఏమిటి? మూడేళ్ల గొడవ, కోర్టు ఖర్చు, బకాయిల భారం. అంతకు మించి, ఈ రాష్ట్రంతో పాతికేళ్ల ఒప్పందం రాసుకుంటే ప్రభుత్వం మారేదాకానే విలువ అన్న పేరు.

రాజధాని అమరావతి సంగతి ఇంకా ఘోరం. పాతిక వేలకు పైగా రైతు కుటుంబాలు 33 వేల ఎకరాలకు పైన భూమి ఇచ్చాయి. అమ్మలేదు, ప్రభుత్వం రాసిచ్చిన కాగితం నమ్మి ఇచ్చాయి. మెట్ట ఎకరాకు ఏటా 30 వేలు, నది ఒడ్డున సారవంతమైన జరీబు భూమికి 50 వేలు కౌలు, ఏటా పదో వంతు పెంపు, పదేళ్లు. అభివృద్ధి చేసిన ప్లాట్లు. 2019 డిసెంబరు 17న సభలో మూడు రాజధానుల మాట వచ్చింది. దాని కోసం చేసిన చట్టాల్ని 2021 నవంబరులో వాళ్లే వెనక్కి తీసుకున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు, రైతులకు ఇచ్చిన మాట ప్రకారం రాజధాని కట్టాలంది. పునాదుల దగ్గర నీళ్లు నిలిచాయి, బయటికి తేలిన ఇనుప చువ్వలు తుప్పు పట్టాయి. 2024లో ఆ పునాదులు పనికొస్తాయో లేదో చూడటానికి ఐఐటీల నిపుణుల్ని పిలవాల్సి వచ్చింది. అమరావతి అంత పెద్దగా తలపెట్టడం సరైందని నేను అనను. ఖర్చు తలకు మించిందని మొదటే అనిపించింది. కానీ తలకు మించిందనుకుంటే కుదించి కట్టాలి. రైతు కాగితాన్ని చించకూడదు. పాత ప్రభుత్వం సమావేశాల కోసం ఉండవల్లిలో కట్టిన ప్రజావేదికను కూల్చిన రోజే ఆ ధోరణి కనిపించింది. అది అనుమతి లేని కట్టడమే కావచ్చు, డబ్బు మాత్రం ప్రజలది.

ఆ ప్రభుత్వం తెచ్చిన భూమి హక్కు చట్టం గురించి న్యాయవాదులకు నేను చెప్పేది లేదు, కోర్టులు వదిలి రోడ్డెక్కింది మీరే. మిగతావాళ్ల కోసం రెండు మాటలు. హక్కు నమోదు మంచి ఆలోచనే, నమూనా నీతి ఆయోగ్ ఇచ్చింది. తగాదా వస్తే ఎక్కడికి పోవాలన్న చోటే తేడా వచ్చింది. సివిల్ కోర్టుకు తలుపు మూసి, ప్రభుత్వం నియమించే అధికారి దగ్గర మొదలుపెట్టి, ప్రభుత్వమే నియమించే అప్పీలు అధికారి దగ్గరకు, ఆ తర్వాత హైకోర్టుకు. తెనాలి దగ్గర ఎకరం ఉన్న రైతు తన హద్దు తగాదాకు హైకోర్టు ఫీజు ఎక్కడ తెస్తాడు? 2024లో ఆ చట్టం రద్దయింది. మంచిదే.

ఉద్యోగుల విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. గెలిచిన వారంలో సీపీఎస్, అంటే ఉద్యోగీ ప్రభుత్వమూ వాటా వేసే పింఛను పథకం, రద్దు చేస్తామని ఎన్నికల్లో అన్నారు. 2004 సెప్టెంబరు ఒకటి నుంచి చేరినవాళ్లకు పాత పింఛను ఇస్తే పక్కన నిధి పెట్టకుండా పాతికేళ్ల తర్వాతి బడ్జెట్ మీద భారం వేసినట్టే. కాబట్టి రద్దు చేయకపోవడం తప్పు కాదు, ఆ మాట ఇవ్వడం తప్పు. లెక్క తెలియక ఇచ్చామన్నది జవాబు కాదు. 27 శాతం మధ్యంతర భృతి ఇస్తూ, వేతన సవరణలో ఇచ్చే అసలు పెంపు అయిన ఫిట్‌మెంట్‌ను 23 శాతానికి కుదించినప్పుడు, 2022 ఫిబ్రవరి 3న విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు ఉద్యోగులతో నిండిపోయింది. పోలీసులు దారులు మూసినా వచ్చారు. ఆ రోజు రోడ్డు మీదకొచ్చినవాళ్లలో చాలామంది 2019లో ఆ పార్టీకి ఓటేసినవాళ్లే.

సభను ఎలా నడిపారో చూస్తే మిగతాదంతా అర్థమవుతుంది. 2020లో బడ్జెట్ రెండు రోజుల్లో అయిపోయింది. కోవిడ్ అన్నారు, సరే. 2021 మార్చిలో ఓటాన్ అకౌంట్, అంటే పూర్తి బడ్జెట్ దాకా తాత్కాలిక ఖర్చుకు అనుమతి, అది కూడా ఆర్డినెన్సుతో తెచ్చి, మే 20న ఒక్కరోజు సభ పెట్టి ఏడాది బడ్జెట్ ఒప్పించుకున్నారు. లక్షల కోట్ల పద్దు, ఒక్క పూట. గ్రామాల్లో సర్పంచి ఉండగా పక్కన సచివాలయం, దాని కింద రెండున్నర లక్షల మంది వాలంటీర్లు, నెలకు 5 వేలు, అంటే ఏటా 1,500 కోట్లు. పింఛను ఇంటికి తేవడం మంచి పని, ముసలివాళ్లకు మేలు జరిగింది. కానీ ఓటు వేసి ఎన్నుకున్న పంచాయతీకి ఆ వ్యవస్థ మీద అజమాయిషీ లేదు. పంచాయతీ కార్యాలయాలకు పార్టీ రంగులు వేశారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు, మళ్లీ ప్రజల డబ్బుతోనే చెరిపారు.

ఇప్పటి ప్రభుత్వం. పింఛను నాలుగు వేలు చేశారు. 65 లక్షల మందికి ఒక్క వెయ్యి పెంపే నెలకు 650 కోట్లు, ఏటా 7,800 కోట్లు. ఏ పన్నులోంచి వస్తుందో ఎన్నికల ముందు చెప్పలేదు. 2024 జులై చివర మళ్లీ ఓటాన్ అకౌంట్ ఆర్డినెన్సే, అసలు బడ్జెట్ నవంబరుకు గాని రాలేదు. 2025లో ఖనిజాభివృద్ధి సంస్థ పేరుతో 9 వేల కోట్ల బాండ్లు, వడ్డీ మళ్లీ తొమ్మిది పైనే. మద్యం బదులు ఖనిజం. అదీ హైకోర్టు గడప ఎక్కింది. అమరావతిలో మొదటి విడత రైతులకు ఇవ్వాల్సినవి పూర్తికాకముందే రెండో విడత భూసమీకరణ. నాడు ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే శాసనసభ సంఘం పీఏసీకి అధ్యక్షుడిగా 41 వేల కోట్ల చెల్లింపులకు సరైన లెక్కలు లేవని గవర్నర్ దగ్గరకు వెళ్లిన పయ్యావుల కేశవ్ గారే నేడు ఆర్థిక మంత్రి. నాడు అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఇప్పుడు ఆయన దగ్గరే ఉండాలి, పత్రాలతో సహా సభ ముందు పెట్టాలి. ప్రతిపక్షానికి ఇచ్చే పీఏసీ పీఠం 2024లో పాలక కూటమి సభ్యుడికే వెళ్లింది. 11 మందితో మిగిలిన పక్షం సభకే రావడం మానేసింది. లెక్క అడగాల్సినవాడు గైర్హాజరు, చెప్పాల్సినవాడే పరీక్షకుడు. రెండు పక్షాలకూ ఇది తగదు.

కాబట్టి ఆ పని మనం చేయాలి, చేయవచ్చు. కాగ్ వెబ్‌సైట్‌లో ప్రతి రాష్ట్రానికీ నెలవారీ సూచికలు ఉంటాయి, కాస్త ఆలస్యంగా వస్తాయి. అందులో మొదట రెవెన్యూ లోటు చూడండి, బడ్జెట్‌లో ఏడాదికి అనుకున్న లోటు ఎన్నో నెలకు దాటిపోయిందో చూడండి. అక్టోబరు లోపే దాటితే ఆ బడ్జెట్ మొదటే అబద్ధం. కాగ్ ఏటా ఇచ్చే రాష్ట్ర పద్దుల పుస్తకం ఫైనాన్స్ అకౌంట్స్‌లో 17వ స్టేట్‌మెంటు ప్రభుత్వం ఒప్పుకున్న అప్పు. 9, 20 స్టేట్‌మెంట్లు గ్యారంటీలు. గ్యారంటీ తీసుకున్న సంస్థకు సొంత సంపాదన ఉందా లేదా అని ప్రతి పేరు ముందూ పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. లేనివన్నీ కలిపితే బడ్జెట్‌లో కనపడని అప్పు ఎంతో మీకే తేలుతుంది. ఆ తర్వాత 21వ స్టేట్‌మెంటులో 8443 పద్దు కింద పీడీ ఖాతాల ముగింపు నిల్వ, గతేడాది నిల్వ పక్కపక్కన రాసుకోండి. మార్చిలో ఉబ్బిన ఖాతా ఏ శాఖదో కనుక్కుని, ఆ డబ్బు ఏ పనికి డ్రా చేశారో సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తుతో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు ఎలా రాయాలో తెలుసుకోవాలనుకునేవాళ్లు ముందు వరసలోకి రండి, కాగితాలు తెచ్చాను. ఈలోపు మిగతావాళ్ల ప్రశ్నలు తీసుకుంటాను.